ఇంకో చుట్టు

తాళం తిప్పాను. ఇంజిన్ ఊగింది, మూలిగింది, ఫట్‌మని ఒక్క పేలుడు పేల్చి ఊరుకుంది. ఎత్తిపెట్టిన బానెట్ వెనకనుంచి నల్లటి పొగ లేచి రేకుల కప్పుదాకా పోయింది.

"నీ మొహం మండా" అన్నాను కారుతో. దాని మొహం అప్పటికే మండి ఉంది కాబట్టి తిట్టినట్టు కూడా అనిపించలేదు.

షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. ఈమధ్య నా నోటి దురుసు పడుతున్నది ఈ కారొక్కటే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళని తిడితే మళ్ళీ రారు, ఇంట్లో తిట్టడానికి మనిషి లేడు. అందుకని పొద్దున్నే మిషను మీద గుడ్డ కప్పేసి, రెండు వీధులు దాటి ఇక్కడికొచ్చి, దీన్ని తిడుతూ కూర్చుంటున్నాను.

షెడ్డు మా మరిదిది. వాళ్ళింటి వెనక ఉంటుంది. దాన్ని పడగొట్టి అద్దెకి రెండు గదులు వేస్తాడట. కొత్తగా అన్న మాటేం కాదు. చాలాకాలంగా అంటున్నాడు, నేను వింటూనే ఉన్నాను, విని ఊరుకుంటూనే ఉన్నాను. ఈసారి మాత్రం పనివాళ్ళని మాట్లాడేశాడు. సోమవారం వాళ్ళు గునపాలతో దిగుతారు.

"వదినా, ఆదివారం పొద్దుటికి అది తన కాళ్ళమీద తాను బయటికి నడిచొచ్చిందా, నీ ఇష్టం, తీసుకెళ్ళి నీ ఇంటిముందు పెట్టుకో. రాలేదా, పాత ఇనుము కొనేవాడు లారీ తెస్తాడు. తర్వాత నన్ననుకుని లాభం లేదు" అని చెప్పేశాడు.

అలా అన్నది మొన్న సోమవారం. ఇవాళ గురువారం. కారు తుమ్మడం, దగ్గడం, మంట కక్కడం అన్నీ చేస్తోంది. నడవడం ఒక్కటే చెయ్యడం లేదు.

ఇందులో అంత పట్టుదల ఎందుకని చాలామంది అడిగారు. మా ఆయన పోయేనాటికి ఈ ఇంజిన్ విప్పి బల్లమీద ఉంది. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా పెద్ద బండి తోలి వచ్చి, సెలవురోజున ఈ చిన్న బండి దగ్గర చేరేవారు. పొగ ఎక్కువైపోతోందని ఇంజిన్ మొత్తం దింపారు. సిలిండర్లు సాఫుచేయించి తెచ్చారు, పిస్టన్లకి కొత్త రింగులు తెచ్చారు. మర్నాడు డ్యూటీకని వెళ్ళి, డిపోలోనే బల్లమీద కూలబడ్డారు. ఇంటికి రాలేదు.

"అన్నీ ఒక గోనెసంచిలో వేసి ఇచ్చెయ్యి" అన్నారు అందరూ. నేనివ్వలేదు. కారంటే నాకేం వ్యామోహం కాదు. కానీ ఆయన ఒక పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన మనిషి కాదు. ఆ ఇనుమంతా తూకం వేయించేస్తే, ఆయన చేసిన ఆఖరి పని అర్థంలేనిదైపోతుంది. ఇంజిన్ మళ్ళీ ఒక్కటి కావాలి, దాని చప్పుడు నా చెవులారా వినాలి. నాకు కావలసింది అంతే.

కాబట్టి నేనే బిగించాను. నవ్వేవాళ్ళు నవ్వారు. బట్టలు కుట్టే ఆడది ఇంజిన్ కుడుతుందట అని మా తోటికోడలు ఎవరితోనో అన్న సంగతి కూడా నా చెవిన పడింది. ఆ మాటలో తప్పేం లేదు, నేను చేసింది అదే. ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా ఒకటో పిస్టన్ సామాన్లకి నీలం పీలిక, రెండోదానికి పసుపు, మూడోదానికి గళ్ళగుడ్డ, నాలుగోదానికి ఎర్ర లైనింగు ముక్క కట్టాను. రింగుల చీలికలు ఒకే వరసలోకి రాకూడదని ఆయన చెప్పింది గుర్తుంది, అలాగే పెట్టాను. కుట్టు జారితే విప్పి మళ్ళీ కుట్టడం నాకు అలవాటే. ఎన్నిసార్లు విప్పినా విసుగు రాలేదు. ఆ పని ఉన్నన్నాళ్ళూ నాకు ఇంటికి వెళ్ళి ఏం చెయ్యాలన్న బెంగ లేకపోయింది.

పైగా ఈ ఇంజిన్ నాకు పరాయిది కాదు. దాని సగం పని నాదే. ఎప్పుడూ ఆయన పైన, బానెట్ కింద తల దూర్చి నిలబడేవారు. నేను కింద, కారు అడుగున గోనెపట్టా వేసుకుని పడుకునేదాన్ని. సన్నటి మనిషిని కాబట్టి ఆ చోటు నాకే రాసిపెట్టి ఉంది. పొడుగుపానా వేసి కింది పుల్లీని మెల్లగా తిప్పడం నా ఉద్యోగం. పుల్లీ అంచుమీద చిన్న గాటు ఉంటుంది, దాని పక్కన కవరుమీద ఒక ముల్లు ఉంటుంది. గాటు వచ్చి ముల్లుకి ఎదురుగా నిలిస్తే ఒకటో పిస్టన్ పూర్తిగా పైకొచ్చినట్టు. అక్కడ నేను ఆపితే, ఆయన పైన డిస్ట్రిబ్యూటర్ దించి పెట్టేవారు. నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా కరెంటు పంచే డబ్బా అది. దాని వంతులు తప్పితే బండి కదలదు.

ఒకసారి ఎవరో మెకానిక్ ఒక బోల్టు మర చెడగొట్టాడని ఆయనకి చెడ్డ కోపం వచ్చింది. "ఇకమీదట ఈ ఇంజిన్లో మన నాలుగు చేతులు తప్ప అయిదోది పడడానికి వీల్లేదు" అన్నారు. ఆ మాట ఆయన మీద ఆయనే పెట్టుకున్న ఒట్టులాగా ఉండేది. ఇప్పుడు నాలుగు చేతుల్లో రెండే మిగిలాయి. అయినా అయిదోదాన్ని రానివ్వలేదు.

మరి ఎందుకు నడవదు? గురువారమంతా పెట్రోలు వెంట పడ్డాను. ట్యాంకు నుంచి వస్తోంది, పంపు కొడుతోంది, కార్బరేటర్‌లోకి దిగుతోంది. కార్బరేటర్ విప్పి, సన్న రంధ్రాలన్నీ నోటితో ఊది, మళ్ళీ బిగించాను. ఆ రోజు తాగిన టీ కూడా పెట్రోలు వాసనే. తర్వాత కరెంటు. ప్లగ్ తీసి ఇనుముకి ఆనించి చూస్తే నీలంగా నిప్పురవ్వ ఎగురుతోంది. వైర్ల వరస సరిగ్గానే ఉంది. డిస్ట్రిబ్యూటర్‌ని కొంచెం ఇటు తిప్పాను, కొంచెం అటు తిప్పాను, పీకి ఒక పన్ను జరిపి పెట్టాను, మళ్ళీ పీకాను. ఎలా పెట్టినా అదే ఫట్. పెట్రోలుంది, నిప్పుంది, గాలుంది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోనట్టుంది వ్యవహారం.

శుక్రవారం మధ్యాహ్నం మా మరిది భోజనం డబ్బా పట్టుకొచ్చాడు.

"ఏమంటోంది వదినా?"

"తిడుతోంది."

"నువ్వు నేర్పిన భాషేగా" అన్నాడు. డబ్బా బల్లమీద పెట్టి, అక్కడే ఉన్న పాత రింగొకటి తీసి వేలికి పెట్టుకోబోయి, ఎంత పెద్దదో చూసి మళ్ళీ పెట్టేశాడు. "నాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు. ఒక్కసారి చూపిద్దాం. చూస్తే ఏం పోయింది?"

"వద్దు."

"అన్నయ్య అన్న మాట అన్నయ్యతోనే పోయింది వదినా. నువ్వెందుకు దాన్ని పట్టుకు వేలాడతావు?"

"నీ లారీ ఎన్నింటికి వస్తుందో చెప్పు చాలు."

అతను నొచ్చుకున్నాడు. వచ్చి బంపర్ మీద కూర్చున్నాడు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని నములుతున్నాను, అదీ పెట్రోలే.

"నా మీద కోపం తెచ్చుకోకు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఇక్కడినుంచి ఫట్‌మని వినిపిస్తుంది. అన్నయ్య ఏదో చేస్తున్నాడనుకుని లేచి కూర్చుంటాను. చెప్పులు వేసుకునేదాకా గుర్తురాదు. రోజూ ఇదే తంతు. ఈ షెడ్డు ఉన్నంతకాలం నావల్ల కాదు. గదులూ కాదు, అద్దెలూ కాదు, నాకు ఇది కళ్ళముందు ఉండకూడదు, అంతే" అన్నాడు.

ఇంతకాలం అతను నన్ను తరమడానికే చూస్తున్నాడనుకున్నాను. ఏదో ఒకటి అనాలనిపించింది. నాకు ఓదార్చడం రాదు. "ఇంకోసారి కొట్టేముందు కబురు చేస్తాలే, చెవిలో దూది పెట్టుకో" అన్నాను. అతను నవ్వి, ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళాక షెడ్డు మరీ పెద్దదిగా కనిపించింది.

శనివారం పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ బద్ధకంగా అరచుట్టు తిరిగి నిలబడిపోయింది. బ్యాటరీ నీరసించింది. బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టే కొట్టుకి మోసుకెళ్ళి సాయంత్రం దాకా అక్కడ ఉంచాను. కొట్టువాడు దాని నాడి పట్టి చూసి, "ఇది ముసలిదైపోయిందండీ. ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు కొడుతుంది. ఆ తర్వాత నా పూచీ లేదు" అన్నాడు.

అంటే ఇక ఇటోసారి అటోసారి తిప్పి చూద్దామన్న ఆటలు కుదరవు. తప్పేమిటో తెలిసి, సరిచేసి, ఒక్కసారి తాళం తిప్పాలి.

బ్యాటరీ అక్కడ ఉన్నంతసేపూ ఏంచెయ్యాలో తోచక ఇంటికెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. ఎవరివో కర్టెన్లు ఇవ్వాల్సినవి ఉండిపోయాయి. మందపాటి గుడ్డ, మడత దగ్గర సూది దిగనంటే మోటారు ఆపి చేత్తో చక్రం తిప్పసాగాను. సూది దిగింది, అడుగున దారం అందుకుంది, పైకొచ్చింది. చక్రం ఒక్క చుట్టు, ఒక్క కుట్టు. మళ్ళీ ఒక్క చుట్టు, మళ్ళీ ఒక్క కుట్టు. పెళ్ళికాక ముందునుంచీ నా చేతికి తెలిసిన లెక్క ఇదే. చక్రం ఒకసారి తిరిగిందంటే పని ఒకసారి పూర్తయిందని అర్థం.

సగం చుట్టులో నా చెయ్యి ఆగిపోయింది.

"ఇంకో చుట్టు, టైలరమ్మా."

ఆయన గొంతు. కింద పడుకుని, ఒళ్ళు నొప్పులతో, నేను "వచ్చిందండీ, గాటు ముల్లు మీదే ఉంది" అని అరిస్తే, పైనుంచి ఆయన అనేవారు ఆ మాట. ప్రతిసారీ కాదు. ఒకసారి "సరే, ఆగు" అనేవారు. ఒకసారి "ఇంకో చుట్టు" అనేవారు. గాటు సరిగ్గానే ఉంది కదా, మళ్ళీ ఎందుకు తిప్పమంటారని నేను కిందనుంచి దెబ్బలాడేదాన్ని. "ఉండనీవే, తిప్పు" అని నవ్వేవారు. నన్ను ఏడిపించడానికే అనుకున్నాను. ఆయనకి అదో సరదా అనుకున్నాను. కిందనుంచి నాకు ఆయన బూట్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఒక్కోసారి బయటికి పాకి లేచేసరికి ఆయన బొటనవేలి మీద నల్లగా, గుండ్రంగా ఒక నొక్కు కనిపించేది.

ప్లగ్ కన్నం మీద వేలు పెట్టుకుని నిలబడేవారన్నమాట.

అప్పుడు తెలిసింది. ఇంజిన్ నా మిషను కాదు. దానికి ఒక కుట్టు పడాలంటే చక్రం రెండు చుట్లు తిరగాలి. పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి గాలిని నొక్కుతూ వస్తుంది, అప్పుడే నిప్పు పడాలి. ఇంకోసారి కాలిన పొగని బయటికి తోస్తూ వస్తుంది, అప్పుడు నిప్పుతో పనిలేదు. గాటు మాత్రం రెండుసార్లూ ముల్లుకి ఎదురుగానే వచ్చి నిలబడుతుంది. కిందనుంచి చూసేవాళ్ళకి తేడా తెలియదు. పైన వేలు పెట్టినవాళ్ళకి, వేలిని గాలి తోసిందా లేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. నేను గాటు ఏ చుట్టులో ముందు కనిపిస్తే ఆ చుట్టులోనే డబ్బా బిగించాను. వారంరోజులుగా పొగ పోయే వేళలో నిప్పు పెడుతున్నాను, ఫట్ అనక ఏమంటుంది?

సంతోషించాల్సిన ఘడియే. మిషను మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయాను. తప్పు తెలిసింది కానీ, దిద్దుకోవడానికి పైన ఒక మనిషి కావాలి. ఈ వారంలో ఆ డబ్బాని ఎన్నిసార్లు పీకి పెట్టానో నాకే తెలియదు. ఊహమీద పెడదామంటే బ్యాటరీ ఒప్పుకోదు. ఎవరైనా ఒకరు ప్లగ్ కన్నం మీద వేలు పెట్టి, నేను కిందనుంచి తిప్పుతుంటే "ఇదిగో, తోసింది" అని చెప్పాలి. అంతే పని. ఒక బొటనవేలు, ఒక నోరు.

ఎవరున్నారు? మా తోటికోడలికి నడుంనొప్పి, వంగలేదు. మరిది ఇటుకల బేరానికని ఊరంతా తిరుగుతున్నాడు, ఉన్నా అతన్ని అడగడం నాకు ప్రాణసంకటం. బట్టలు కుట్టించుకునేవాళ్ళు బోలెడుమంది, కొలతలిచ్చి వెళ్ళేవాళ్ళే కాని కూర్చునేవాళ్ళు కాదు. ఎదురింటావిడ పలకరిస్తుంది, అంతవరకే. ఇన్నేళ్ళు ఇదే వీధిలో ఉండి, ఒక పూట వేలు అరువడగడానికి ఒక మనిషిని సంపాదించుకోలేదు నేను. ఒక్క మనిషి సరిపోయాడు అన్నాళ్ళూ. ఆయన పోయిన రోజున కూడా ఇంత ఒంటరిగా లేను, ఆ రోజు ఇంటినిండా జనమే.

అయిదో చెయ్యి పడకూడదన్న మాట అక్కడితో వదిలేశాను. లేచి చెప్పులు వేసుకుని స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళాను.

షాపాయన్ని అందరూ బేరింగు బాబాయి అంటారు. గోడకి వేలాడే ప్యాకింగుల మధ్య ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంటాడు. నాకు యాభై దాటినా ఇంకా అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"ఏం కావాలి అమ్మాయ్? మళ్ళీ ప్లగ్గులా?"

"ప్లగ్గులు కాదు బాబాయిగారూ. మీ దగ్గర పనిచేసేవాళ్ళని ఎవరినైనా రేపు పొద్దున్న కాసేపు పంపిస్తారా? ప్లగ్ కన్నం మీద వేలు పెట్టుకుని నిలబడాలి, అంతకంటే ఏం లేదు."

"వేలు పెట్టడానికి మనిషా?"

"నేను కింద తిప్పుతుంటే పైన గాలి తోసిందో లేదో చెప్పాలి కదా. దానికి ఇద్దరుండాలి."

"ఇద్దరెందుకు?" అన్నాడాయన. కౌంటర్ మీదున్న న్యూస్‌పేపర్ అంచు చించి, ఉండచుట్టి, ఖాళీ ఆయిల్ సీసా మూతిలో దోపాడు. "ఇదిగో, ఇలా బిరడాలాగా పెట్టు. వెళ్ళి కిందనుంచి తిప్పుకో. గాలి నొక్కిందంటే టప్పుమని ఎగిరిపడుతుంది. నొక్కలేదంటే ఉన్నచోటే ఉంటుంది. కారుకింద పడుకునే వినొచ్చు. ఒంటిచేత్తో చేసుకునేవాళ్ళందరూ ఇలాగే చేస్తారు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరేమిటి, మీ ఆయనే! నేను అమ్మేవాణ్ణే కాని విప్పేవాణ్ణి కాదుగా. నా డబ్బా వ్యాను ఇక్కడే మొరాయించి కూర్చుంటే, డ్యూటీ దిగొస్తూ చూశాడు. నేను ఓ చెయ్యి వేస్తానంటే వినలేదు. ఒక్కడి పనికి ఇద్దరెందుకు బాబాయ్ అంటూ కాగితం ముక్క పెట్టి చిటికెలో తేల్చేశాడు. ఏం, నీకు చూపించలేదా?"

"ఎప్పటి మాట ఇది?"

"అబ్బో, ఎప్పటిదో! మీరు ఆ కారు కొన్న కొత్తలు."

నేను సీసా మూతిలో ఉన్న కాగితంకేసి చూస్తూ నిలబడ్డాను. బాబాయి ఇంకేదో అడిగాడు, తలూపి బయటికొచ్చాను.

ముందు ఒళ్ళు మండిపోయింది. నన్ను ఎన్నిసార్లు మిషను మీదనుంచి లేపాడా మనిషి! చలికాలం ఆ గచ్చు మీద పడుకోబెట్టాడు. నా జుట్టులో గ్రీజు, నా చీరకి ఆయిలు. ఇస్తానన్న బట్టలు ఇవ్వలేక నేను జనంచేత మాటలు పడ్డాను. "టైలరమ్మా, నువ్వు రాకపోతే ఈ పని కాదే, ఒక్కసారి రా" అని ఎంత దీనంగా పిలిచేవాడు! తీరాచూస్తే ఒక కాగితం ఉండ చెయ్యగలిగిన పనికి. ఎదురుగా ఉంటే ఆ పొడుగుపానా తీసుకుని అక్కడే తేల్చుకునేదాన్ని.

రెండో వీధి మలుపు తిరిగేసరికి ఆ కోపం ఎటుపోయిందో పోయింది. నా దగ్గర కూర్చో అని అడగడం ఆయనకి చేతకాదు. పని లేకుండా ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అందుకని నాకో పని కల్పించారు. ఇన్నేళ్ళూ నేనే ఆయనకి సాయం చేస్తున్నాననుకున్నాను. ఆయనకి పానా తిప్పే మనిషి అక్కర్లేదు. కిందనుంచి దెబ్బలాడే నా గొంతు కావాలి. నడిరోడ్డు మీద ఏడవడం నాకు సుతరామూ ఇష్టముండదు. అయినా ఏడ్చాను. ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని పోయారు.

ఆదివారం తెల్లవారగానే షెడ్డు తలుపు తీశాను. బ్యాటరీ బిగించాను, డిస్ట్రిబ్యూటర్ పీకి బల్లమీద పెట్టాను, ఒకటో ప్లగ్ విప్పాను. కాగితానికి బదులు కర్టెన్ల ముక్క ఒకటి ఉండచుట్టి కన్నంలో దోపి, కిందికి దూరి పడుకున్నాను. పానా తగిలించి తిప్పాను. గాటు మెల్లగా వచ్చి ముల్లుకి ఎదురుగా నిలిచింది. పైన చప్పుడు లేదు. నేను మోసపోయింది ఇక్కడే. ఇంకో చుట్టు తిప్పాను. గాటు కనిపించీ కనిపించకముందే టప్పుమంది. ఉండ రేడియేటర్‌కి తగిలి నా చెవిపక్కన పడింది.

గాటుని ముల్లు దగ్గర ఆపి, అలాగే పడుకున్నాను. ఆయన బూట్లు ఉండాల్సిన చోట వెలుతురు పడి ఉంది. ఆ పని చెయ్యడానికి నేనొక్కదాన్నే సరిపోతానని తెలిసింది, అది తెలిసినందుకు ఏమాత్రం సంతోషం కలగలేదు.

పైకి లేచి, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే చెయ్యి ఒకటో ప్లగ్ వైరు వైపు చూసేలా దించి పెట్టాను. ఒకటో ప్లగ్ మళ్ళీ బిగించి, వైర్లు తగిలించి, డబ్బా బోల్టు బిగిస్తుంటే లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఇనుము కొనే ఆయన తాళ్ళు భుజాన వేసుకుని దిగాడు. వెనకే మా మరిది, మొహం కూడా కడుక్కోలేదు.

"వదినా, ఇక..."

"చెవిలో దూది పెట్టుకో" అన్నాను.

సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ముసలి బ్యాటరీ ఒక్క ఊపు ఊపింది, ఇంకోటి ఊపింది, మూడోదానికి నీరసపడింది. అప్పుడు ఇంజిన్ అందుకుంది. ఫట్ లేదు, మంట లేదు. గుర్రుమని లేచి, తడబడి, నిలదొక్కుకుంది. నేను దిగి వెళ్ళి డిస్ట్రిబ్యూటర్‌ని రవ్వంత తిప్పి చెవితో సరిచూశాను. తడబాటు పోయింది. కొత్త ఆయిలు కాలి షెడ్డంతా నీలిపొగ కమ్మింది, నాలుగు సిలిండర్లూ ఒక్కటిగా ఆడుతున్నాయి.

మా మరిది వచ్చి బానెట్ అంచు మీద అరచెయ్యి ఆనించాడు. ఇంజిన్ అదురు అతని మోచేతిదాకా పాకుతోంది.

"అన్నయ్య చప్పుడే" అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. లారీ ఆయన ఏమీ అర్థంకాక తాళ్ళు మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఎవరు పట్టారు వదినా తప్పు? ఎవరైనా సాయం వచ్చారా?"

"ఎవరూ రాలేదు. ఒక్కరే చేసుకునే పనేనట. మీ అన్నయ్యకి మొదటినుంచీ తెలుసట" అన్నాను. అతను నావైపు చూశాడు. గేటు రెండు రెక్కలూ తీసి పట్టుకున్నాడు.

రెండు వీధులే కదా, ఆయన నేర్పినట్టే మెల్లగా తోలుకుంటూ వచ్చి ఇంటిముందు నీడలో ఆపాను. ఆపానంటే బండిని ఆపాను, ఇంజిన్ ఆపలేదు. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. అది ఎంత బాగా ఆడుతోందంటే, ఇక అందులో విప్పడానికీ బిగించడానికీ ఏమీ లేదు. రేపు పొద్దున్న షెడ్డుకి వెళ్ళే పనిలేదు, షెడ్డే ఉండదు. ఇంట్లోకి వెళ్తే కర్టెన్లున్నాయి, వాటి తర్వాత ఇంకెవరివో బట్టలుంటాయి. చెయ్యి తాళం మీదే ఉంది, తిప్పబుద్ధి కాలేదు.

ఎదురింటావిడ బకెట్ పట్టుకుని బయటికొచ్చింది. పొగకి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చి, కిటికీలోంచి తొంగిచూసింది.

"బాగైపోయిందే! ఏమండీ, ఇంజిన్ ఆపకుండా కూర్చున్నారు, ఎవరైనా రావాలా?"

పక్క సీటుకేసి చూశాను.

"లేదండీ. ఎవరూ రారు" అన్నాను.

ఆయన పోయాక ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, తాళం తిప్పేశాను.